మొదటి కోరల్ కొనడం దగ్గర్నుంచి అది కుదురుకునే దాకా: ఇంట్లో రీఫ్ ట్యాంకు పెట్టేవాళ్లకి

కోరల్ (పగడపు జీవి) పెంచాలని ఉంది, ఏది కొనమంటారు అని అడిగేవాళ్లని నేను ముందు ఒకటి అడుగుతాను. కాకినాడ, మచిలీపట్నం దగ్గర సముద్రంలో పెద్ద పగడపు దిబ్బలు ఎందుకు లేవు, అదే బంగాళాఖాతం అవతల అండమాన్‌లో ఎందుకున్నాయి? ఎండ ఒకటే, ఉప్పునీళ్లూ ఒకటే. కానీ మన తీరంలో గోదావరి, కృష్ణ ఏటా వరదలతో ఒండ్రుమట్టినీ మంచినీళ్లనీ తెచ్చి సముద్రంలో కలుపుతాయి, దాంతో నీళ్లు మసకబారతాయి, ఉప్పదనం పడిపోతుంది, వరద తీశాక మళ్లీ పెరుగుతుంది. దిబ్బలు కట్టే కోరల్ ఈ ఎగుడుదిగుళ్లు తట్టుకోలేదు. నిన్న ఉన్న నీళ్లే ఈ రోజూ ఉండాలి దానికి. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే కింద రాసిన మెట్లన్నీ ఎందుకో మీకే అర్థమవుతాయి.

ఇంకో మాట. కోరల్ మొక్క కాదు, జంతువు. నోరు, దాని చుట్టూ చిన్న చిన్న చేతులు ఉన్న పాలిప్స్ గుంపు అది. దాని ఒంట్లోపలే కంటికి కనపడని నాచు కణాలు కాపురం ఉంటాయి, వాటిని జూజాంథెల్లే అంటారు, అవి వెలుతురు పట్టుకుని చక్కెర తయారుచేసి కోరల్‌కి పెడతాయి. అందుకే దానికి మొక్కలా వెలుతురూ కావాలి, జంతువులా తిండీ ఆక్సిజనూ కావాలి. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఆ కణాలని కోరల్ బయటికి వదిలేస్తుంది, తెల్లగా పాలిపోతుంది. 2024లో లక్షద్వీప్‌లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడింది ఇలాగే. మీ ట్యాంకులోనూ అదే జరుగుతుంది, ఇంకా తొందరగా.

నేను రాసేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉన్న 150 లీటర్ల ట్యాంకు అనుభవంతో. మీది వేరే ఊరైతే ఎక్కడ తేడా పడుతుందో అక్కడక్కడ చెప్తాను.

ఒకటి: చట్టం సంగతి ముందే తెలుసుకోండి

దిబ్బలు కట్టే గట్టి కోరల్స్ అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి. 2001లో చేర్చారు. సీ ఫ్యాన్లు, నల్ల కోరల్, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్ కూడా అందులోనే. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. రామేశ్వరం వెళ్లినప్పుడు మన్నార్ సింధుశాఖ ఒడ్డున దొరికిందని చచ్చిన ముక్కైనా సంచిలో వేసుకుని రాకూడదు. ఎవరైనా మీకు "సముద్రం నుంచి నేరుగా తెచ్చింది, తక్కువకి ఇస్తా" అంటే అక్కడినుంచి వచ్చేయండి.

బయటి దేశాల నుంచి వచ్చే గట్టి కోరల్స్ అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం ఉంది, అవి దాని రెండో అనుబంధంలో ఉన్నాయి, కాబట్టి అనుమతి పత్రాలు లేకుండా రావడానికి వీల్లేదు. సైటీస్ జాబితాలోని జీవుల్ని ఇళ్లలో ఉంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని మన దేశంలో 2024లో నిబంధనలు కూడా వచ్చాయి. అందుకే ఇండియాలో ఉన్నవాళ్లకి నా సలహా సూటిగా ఒకటే. గట్టి కోరల్స్ జోలికి వెళ్లకండి. మష్‌రూమ్స్, జోయాంథిడ్స్, లెదర్ కోరల్ లాంటి మెత్తటి రకాలతోనే ట్యాంకు నింపండి. అవైనా ఎక్కడినుంచి వచ్చాయో అడిగి, బిల్లు తీసుకోండి. ఇవే మొదటిసారి పెంచేవాళ్లకి సరిపోయే రకాలు కూడా, కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకి ట్యాంకుల్లోనే పెంచి ముక్కలు చేసిన హ్యామర్, డంకన్ లాంటి గట్టి కోరల్స్ దుకాణాల్లో మామూలుగా దొరుకుతాయి, వాటి గురించి కింద కొంచెం రాస్తాను.

రెండు: నీళ్లు

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తింటారు కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను.

హైదరాబాద్‌లో బోరునీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల కొలత, వందల్లో ఉంటుంది. ఇంట్లో తాగే ఆర్ఓ నీళ్లు చాలనుకుంటారు, చాలవు. తాగే మెషీన్లలో రుచి కోసం టీడీఎస్ మళ్లీ పెంచే ఏర్పాటు ఉంటుంది. దానికంటే ప్రమాదం, ఈమధ్య వచ్చే చాలా మెషీన్లలో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉంటుంది. మనిషికి మంచిదని పెడతారు, కానీ కోరల్స్‌కీ నత్తలకీ రొయ్యలకీ రాగి విషం. నేను ఇల్లు మారినప్పుడు కొత్త మెషీన్ నీళ్లు మూడు వారాలు పోశాను, దాంట్లో ఆ కార్ట్రిడ్జ్ ఉందని చూసుకోలేదు. ముందు నత్తలు అద్దం మీద నుంచి ఊడి ఇసుకలో పడిపోయాయి, తర్వాత జోయాంథిడ్స్ ముడుచుకుని మళ్లీ విచ్చుకోలేదు. కారణం తెలుసుకునేసరికి సగం పోయాయి. కాబట్టి ట్యాంకు కోసం విడిగా ఆర్ఓ, దాని చివర మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ పెట్టుకోండి, బయటికొచ్చే నీళ్లు టీడీఎస్ మీటర్ మీద సున్నా చూపించాలి. రెండో మూడో చూపించడం మొదలైతే రెసిన్ మార్చే టైమ్ వచ్చినట్టు. కొన్ని చేపల మందుల్లో కూడా రాగి ఉంటుంది, కోరల్ ఉన్న ట్యాంకులో వాటిని వాడకూడదు.

ఉప్పు విషయంలో, వంటింటి కల్లుప్పు పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. పనికిరాదు. కల్లుప్పు దాదాపు మొత్తం సోడియం క్లోరైడే, సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేట్ అన్నీ ఒక లెక్కలో ఉంటాయి. రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే ఉప్పే కొనండి. లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, బ్రాండుని బట్టి మారుతుంది. బకెట్లో పంపు వేసి బాగా కలిపి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకోండి, 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు) రావాలి, సాంద్రత లెక్కలో అయితే 1.026. ఆ రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్లతో సున్నాకి సరిచేసి ఊరుకోకండి, 35 పీపీటీ ద్రావణం చిన్న సీసాలో అమ్ముతారు, దాంతో సరిచేయండి. సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర తప్పు చూపించేవి ఉంటాయి.

విశాఖ బీచ్ నుంచి డబ్బాల్లో నీళ్లు తెచ్చుకోవచ్చా అంటే, ఒడ్డు దగ్గర నీళ్లలో ఊరి మురుగూ, ఓడల నూనే, వానొస్తే మట్టీ ఉంటాయి. వద్దు.

మూడు: వేడి, కరెంటు

నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒకరోజు 27 దాటితే కొంప మునగదు కానీ, పగలు 29 రాత్రి 25 అన్నట్టు ఊగుతుంటే కోరల్ నిలవదు. హైదరాబాద్‌లో మార్చి నుంచి మే దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్ల మీదకి చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విజయవాడ, విశాఖలో ఉక్కపోత ఎక్కువ, నీళ్లు అంతగా ఆవిరి కావు, ఫ్యాన్ పెద్దగా సాయం చేయదు, అక్కడ చిల్లర్ (నీళ్లని చల్లబరిచే మెషీన్) కొనక తప్పదు. చిల్లర్‌ని ట్యాంకు కింద అల్మరాలో పెట్టి తలుపు వేయకండి. అది వదిలే వేడి గాలి అక్కడే తిరిగి, చల్లబరచాల్సింది పోయి ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఫ్యాన్ పెడితే నీళ్లు తగ్గిపోతాయి, మా ట్యాంకులో మే నెలలో రోజుకి నాలుగైదు లీటర్లు పోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. 150 లీటర్లలో ఐదు లీటర్లు పోతే 35 ఉన్న ఉప్పు 36 దాటిపోతుంది, ఒక్కరోజులో. కాబట్టి తగ్గినంత మేరా ఉప్పు లేని ఆర్ఓ డీఐ నీళ్లు పోయాలి. చేత్తో రోజుకోసారి పోయొచ్చు, కానీ ఊరెళ్తే ఎవరు పోస్తారు? సెన్సార్ పెట్టుకుని దానంతట అదే పోసుకునే ఆటో టాప్‌ఆఫ్, ఖరీదైన లైటు కంటే ముందు కొనాల్సిన వస్తువు అని నా ఉద్దేశం.

కరెంటు పోతే మొదట అయిపోయేది ఆక్సిజన్. నీళ్లు కదలకపోతే రెండు మూడు గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వేవ్‌మేకర్ (నీళ్లని కదిపే పంపు) ప్లగ్గు దానికి పెట్టండి, లైటు పెట్టకండి, లైటు లేకపోయినా ఒకటి రెండు రోజులు ఏమీ కాదు. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి డ్రాయర్‌లో ఉంచుకోండి.

నాలుగు: ఆగండి

రాళ్లు, ఇసుక, ఉప్పునీళ్లు వేశాక అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత గోధుమరంగు పొడి లాంటిది రాళ్ల మీద పరుచుకుంటుంది, అది డయాటమ్స్, దానంతట అదే పోతుంది. దాని వెనకే పచ్చని వెంట్రుకల నాచు వస్తుంది, నాలుగు టర్బో నత్తలు వేస్తే తింటాయి. ఈ రెండూ వచ్చి తగ్గుముఖం పట్టాక కోరల్ గురించి ఆలోచించండి. అంటే దాదాపు మూడో నెల. ట్యాంకు ఖాళీగా కనపడుతుందని ఈలోపే కొనేయాలనిపిస్తుంది, ఇంటికొచ్చినవాళ్లు "ఉట్టి రాళ్లేనా?" అంటారు. ఆ రెండు నెలలూ ఉప్పు, వేడి ఒకే చోట నిలబెట్టడం ప్రాక్టీస్ చేయండి. అది వచ్చేస్తే సగం పని అయిపోయినట్టే.

ఐదు: ఏది కొనాలి

మొదటిది మష్‌రూమ్ కొనండి, డిస్కోసోమా గానీ రోడాక్టిస్ గానీ. తక్కువ వెలుతురు, తక్కువ అల (నీళ్ల కదలిక) చాలు, నీళ్లలో కొంచెం నైట్రేట్ ఉంటే ఇంకా సంతోషం. రెండోది జోయాంథిడ్స్, చామంతి పూల గుత్తిలా విచ్చుకుంటాయి, రంగులు బోలెడు, కానీ వాటిలో విషం ఉంటుంది, దాని గురించి కింద రాసింది చదవకుండా కొనొద్దు. మూడోది టోడ్‌స్టూల్ లెదర్, గొడుగులాంటిది, పెద్దగా పెరుగుతుంది, దాని చుట్టూ చోటు వదలాలి. జీనియా అని ఒకటి ఉంటుంది, చేతులు తెరుస్తూ మూస్తూ ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది, చూస్తే కళ్లు తిప్పుకోలేరు. అది మాత్రం పాకుతుంది, ఏడాదిలో రాళ్లన్నీ దానివే. కావాలనుకుంటే ఇసుక మధ్యలో ఒంటరిగా ఉన్న రాయి మీదే పెట్టండి.

బయటి దేశాల్లో ఉన్నవాళ్లు ఆరేడు నెలల తర్వాత డంకన్, ఆ తర్వాత హ్యామర్ ప్రయత్నించొచ్చు. కొమ్మల్లా పెరిగే సున్నితమైన గట్టి కోరల్ ఆక్రోపోరా మాత్రం ఏడాదిలోపు వద్దు.

ఆరు: దుకాణంలో

దుకాణంలో అంతా నీలం లైటు కింద మెరుస్తుంటుంది. తెల్ల లైటు వేయమని అడగండి, కోరల్ అసలు రంగు, దెబ్బలు అప్పుడు కనపడతాయి. పాలిప్స్ విచ్చుకుని ఉన్నాయా, కింద మొదలు దగ్గర గోధుమరంగు జిగురు లాంటిది ఉందా, కోసిన అంచు ఇంకా తెల్లగా పచ్చిగా ఉందా చూడండి. నిన్న కోసిన ముక్క కొనకండి, అది మానాక కొనండి. వచ్చి ఎన్ని రోజులైంది అని అడగండి, రెండు వారాలు దాటిందంటే ప్రయాణపు దెబ్బ తట్టుకుని నిలబడ్డట్టు. గులాబీ, పసుపు రంగుల్లో ఎబ్బెట్టుగా మెరిసిపోయే లెదర్ కనపడితే రంగు వేసి ఉండొచ్చు, అలాంటివి అమ్ముతారు, అవి ఎక్కువకాలం బతకవు. కోరల్ ముక్కని అంటించి అమ్మే చిన్న దిమ్మని ప్లగ్ అంటారు, దాని మూలల్లో గాజులా పారదర్శకంగా, గోధుమరంగు చేతులతో చిన్న పువ్వులాంటిది ఉందేమో చూడండి. అది ఐప్టేసియా, ఒక్కటి వచ్చిందంటే కొన్ని నెలల్లో వందవుతుంది.

వాళ్ల ట్యాంకు ఉప్పు ఎంత అని తప్పకుండా అడగండి. కొన్ని చోట్ల ఖర్చు తగ్గించుకోవడానికి ఉప్పు తక్కువలో నడుపుతారు, అది తెలియకుండా నేరుగా మీ 35లో వేస్తే కోరల్‌కి షాక్ తగులుతుంది.

ఏడు: ఇంటికి తెచ్చిన రోజు

ట్యాంకు లైటు ఆపేయండి. సంచిని అలాగే నీళ్ల మీద పదిహేను ఇరవై నిమిషాలు తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. తర్వాత ఒక గిన్నెలోకి మార్చి, సన్నటి గొట్టంతో మీ ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా అరగంట, ముప్పావుగంట పడనివ్వండి. అంతకంటే సాగదీయొద్దు, గిన్నెలో నీళ్లు వేడెక్కుతాయి.

తర్వాత డిప్, అంటే పురుగులు ఊడేందుకు కోరల్‌ని మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచడం. అయోడిన్ ఉన్న కోరల్ డిప్ ఏదైనా తీసుకుని డబ్బా మీద రాసిన కొలత, రాసిన నిమిషాలే పాటించండి. మధ్యమధ్యలో పిపెట్‌తో నీళ్లు కోరల్ మీదకి చిమ్మండి, జోయాంథిడ్స్‌ని తినే చిన్న నుడిబ్రాంక్‌లూ (పెంకు లేని సముద్రపు నత్తలు) చదును పురుగులూ ఊడి అడుగున పడతాయి, చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. గుడ్లు మాత్రం డిప్‌కి చావవు. అందుకే వచ్చిన ప్లగ్‌ని వీలైతే తీసేసి కొత్త ప్లగ్‌కి అంటించండి, లేదా పాత టూత్‌బ్రష్‌తో ప్లగ్ అడుగంతా రుద్దండి. సంచిలో నీళ్లు, డిప్ నీళ్లు ట్యాంకులో పోయకండి, పారబోయండి.

ఇప్పుడు విషం సంగతి. జోయాంథిడ్స్, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో పాలిటాక్సిన్ ఉండొచ్చు, అది తెలిసిన విషాల్లో చాలా తీవ్రమైన వాటిలో ఒకటి. భయపడి మానేయాల్సిన పని లేదు, కానీ జాగ్రత్తలు దాటొద్దు. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు వేసుకోకుండా వాటిని కోయకండి, గీకకండి, కోసేటప్పుడు నీళ్లు కంట్లోకి చిమ్ముతాయి. వంటింట్లో కత్తిపీట, చాకు, సింకు వాడకండి. అన్నిటికంటే ముఖ్యం, ఇవి అంటుకుని ఉన్న రాయిని శుభ్రం చేద్దామని ఎప్పుడూ మరిగించకండి, వేడినీళ్లు పోయకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రిపాలైన ఘటనలు వేరే దేశాల్లో జరిగాయి. నోట్లో లోహం రుచి, ఒళ్లునొప్పులు, ఆయాసం, కంట్లో మంట వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి పాలిటాక్సిన్ అనే మాట డాక్టర్‌కి రాసి చూపించండి, ఎందుకంటే అందరూ దీన్ని చూసి ఉండరు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ట్యాంకు మూతకి గొళ్లెం పెట్టండి.

ఎనిమిది: ఎక్కడ పెట్టాలి

ప్రతి కోరల్‌నీ మొదట కిందే పెట్టండి, ఇసుక దగ్గర, ఒక పక్కగా. దుకాణంలో ఎంత వెలుతురులో ఉందో మనకి తెలియదు, తక్కువ వెలుతురుతో నెమ్మదిగా నీరసిస్తుంది కానీ, ఎక్కువ వెలుతురుతో మూడు రోజుల్లో కాలిపోతుంది. మష్‌రూమ్స్‌కి, జోయాంథిడ్స్‌కి 50 నుంచి 100 పార్ (కోరల్‌లోని నాచుకి పనికొచ్చే వెలుతురు కొలత) చాలు, లెదర్‌కి ఇంకొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. హ్యామర్ లాంటివాటికి 80 నుంచి 150, ఆక్రోపోరాకి 200 పైన. పార్ మీటర్ ఖరీదైనది, ఒక్కరోజు పనికి కొనక్కర్లేదు, తోటి హాబీవాళ్ల దగ్గర తెచ్చుకుని ట్యాంకులో ఐదారు చోట్ల కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఏళ్లతరబడి పనికొస్తుంది. కొత్త లైటు కొన్నా, సగం వెలుతురుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచండి. రోజుకి ఎనిమిది నుంచి పది గంటలు, టైమర్ మీద.

అల విషయంలో, వేవ్‌మేకర్ నేరుగా కోరల్ మీదకి ఊదకూడదు. అద్దానికి గానీ ఎదురుగా ఇంకో వేవ్‌మేకర్ వైపు గానీ తిప్పితే నీళ్లు విరిగి అన్నివైపులా తిరుగుతాయి. లెదర్ పైనుండే చిన్న పాలిప్స్ గాలికి వరిచేను ఊగినట్టు మెల్లగా ఊగాలి. ఒకవైపే ఒరిగిపోయి ఉంటే అల ఎక్కువ, మీద చెత్త పేరుకుంటే తక్కువ.

మధ్యలో దూరం. కోరల్స్ పక్కవాటితో పోట్లాడతాయి. హ్యామర్, టార్చ్ లాంటివి రాత్రిపూట పొడుగాటి చేతులు చాపి పక్కదాన్ని కుట్టి చంపుతాయి, కనీసం 15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. లెదర్ ముట్టుకోకుండానే నీళ్లలోకి రసాయనాలు వదిలి పోట్లాడుతుంది, అందుకే మెత్తటి కోరల్స్ ఉన్న ట్యాంకులో యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఎప్పుడూ ఉండాలి, నెలకోసారి మార్చాలి.

అంటించడానికి జెల్‌లా ఉండే సూపర్ గ్లూ వాడండి, పల్చటిది నీళ్లలో నిలబడదు. రాయి మీద ఆ చోట నాచు గీకేసి, ప్లగ్ అడుగున శనగగింజంత జెల్ పెట్టి, నీళ్లలోకి దించి, అటూఇటూ తిప్పుతూ నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మష్‌రూమ్‌కి మాత్రం జెల్ పట్టదు, ఒంటినిండా జిగురు. దాన్ని గులకరాళ్లు వేసిన చిన్న కప్పులో పెట్టి పైన వల కప్పితే వారం పది రోజుల్లో దానంతట అదే ఒక రాయిని పట్టుకుంటుంది, అప్పుడు ఆ రాయిని అంటించొచ్చు.

తొమ్మిది: పెట్టాక ముట్టుకోకండి

ఇది రాయడానికి ఒక్క వాక్యం, చేయడానికి చాలా కష్టం. రెండు వారాలు కదపకండి. మొదటి మూడు నాలుగు రోజులు ముడుచుకునే ఉండొచ్చు. వెలుతురు చాలలేదేమో అని పైకి, అల ఎక్కువైందేమో అని పక్కకి, మళ్లీ కిందకి, ఇలా మార్చినప్పుడల్లా అది మొదటినుంచి అలవాటు పడాలి. జబ్బుతో కంటే ఇలా కదపడంతోనే కొత్త ట్యాంకుల్లో ఎక్కువ కోరల్స్ పోతున్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

మా లెదర్ వచ్చిన రెండో నెలలో ఒకరోజు ముడుచుకుపోయింది. పైన మైనం పూసినట్టు పొర, రంగు మాసిపోయింది, తొమ్మిది రోజులు అలాగే. అమ్మ రోజూ చూసి "అది పోయిందిరా, తీసెయ్, మిగతావి కూడా పాడవుతాయి" అనేది. నాకూ టెన్షన్‌గానే ఉంది. వాసన లేదు, ముక్కలు రాలడం లేదు, అందుకని ఆగాను. పదో రోజు పొద్దున ఆ పొర పాము కుబుసంలా ఊడి నీళ్లలో తేలుతోంది, కింద కొత్త చర్మం, సాయంత్రానికి పాలిప్స్ అన్నీ బయటికొచ్చాయి. లెదర్ అప్పుడప్పుడూ చేసే పనే ఇది, మీద పేరుకున్న నాచునీ చెత్తనీ వదిలించుకోవడం. అప్పుడు మనం చేయాల్సింది కొంచెం అల దానిమీదకి వెళ్లేలా చూడటం, అంతే.

మరి నిజంగా జబ్బు ఎప్పుడంటే, కుళ్లు వాసన వచ్చినా, ఒళ్లు కరిగి ముక్కలుగా ఊడుతున్నా, గోధుమరంగు జిగురు పాకుతున్నా. అప్పుడు ఆగకుండా బయటికి తీసి, పాడైన భాగం కోసేసి, డిప్ చేయండి. రంగు పాలిపోతుంటే వెలుతురు ఎక్కువైనా కావచ్చు, నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అయినా కావచ్చు. మెడ సాగదీసినట్టు పైకి పొడుగ్గా పెరుగుతుంటే వెలుతురు చాలడం లేదు. ఏది మార్చినా ఒక్కటే మార్చి, రెండు వారాలు చూసి, తర్వాత ఇంకోటి.

పది: వారంవారం చేసే పనులు

వారానికోసారి పది శాతం నీళ్లు మార్చండి, కొత్త నీళ్ల ఉప్పు, వేడి ట్యాంకుతో సరిపోయాకే పోయండి. నైట్రేట్ లీటరుకి 5 నుంచి 15 మిల్లీగ్రాముల మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలు. సున్నా చేయాలని చూడకండి, రెండూ సున్నా అయిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగట గోధుమ నాచు పడుతుంది, దాన్ని వదిలించుకోవడం అన్నిటికంటే కష్టం.

ఆల్కలినిటీ (నీళ్లలోని కార్బొనేట్ల కొలత) 8, 9 డీకేహెచ్ అనే యూనిట్ల దగ్గర, కాల్షియం లీటరుకి 400 నుంచి 450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1250 నుంచి 1350. మెత్తటి కోరల్సే ఉంటే ఇవి పెద్దగా తగ్గవు, నీళ్ల మార్పిడితోనే సరిపోతుంది. గట్టి కోరల్స్ పెంచేవాళ్లకి మాత్రం రోజూ తగ్గుతుంది, ఎందుకంటే అవి వాటితోనే ఎముక కట్టుకుంటాయి. ఆల్కలినిటీ పెంచడానికి వంటసోడా చాలు, బేకింగ్ పౌడర్ కాదు, ఉత్త సోడియం బైకార్బొనేట్. వంద లీటర్ల నీళ్లకి 3 గ్రాములు వేస్తే సుమారు ఒక డీకేహెచ్ పెరుగుతుంది. ఆర్ఓ నీళ్లలో కరిగించి అల బాగా ఉన్న చోట నెమ్మదిగా పోయండి, రోజుకి ఒకటికి మించి పెంచొద్దు. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి లెక్కేయండి, 150 లీటర్ల ట్యాంకులో నీళ్లు 120 లీటర్లే ఉండొచ్చు. కాల్షియం పెంచడానికి కాల్షియం హైడ్రాక్సైడ్ వాడేవాళ్లు కిళ్లీ సున్నం కూడా అదే కదా అని అది వేయకండి, శుద్ధత ఎంతో తెలియదు.

ఏసీ వేసి తలుపులు కిటికీలు మూసిన గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీళ్ల పీహెచ్ తగ్గుతుంది. 7.8 దాకా ఫర్వాలేదు. అంతకంటే తగ్గితే మందులు పోయక్కర్లేదు, కిటికీ కాసేపు తీయండి.

తిండి విషయంలో మష్‌రూమ్స్, జోయాంథిడ్స్, లెదర్‌కి విడిగా ఏమీ పెట్టక్కర్లేదు, చేపలకి వేసే తిండిలో మిగిలింది, చేపల వ్యర్థాలు చాలు. డంకన్, హ్యామర్ ఉంటే వారానికి ఒకటి రెండుసార్లు, వేవ్‌మేకర్ ఆపి, ఐసు కరిగించిన మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవులు) ఒకటి రెండు పాలిప్ మీద వదలండి.

ఏడాది తిరిగేసరికి మష్‌రూమ్స్ రాయి దాటి పక్క రాయి మీదకి వస్తాయి. అప్పుడు ఒకదాన్ని పదునైన కొత్త బ్లేడుతో, గ్లవ్స్ వేసుకుని, నోరు మధ్యగా రెండు ముక్కలు కోయండి, ఇందాక చెప్పిన కప్పులోనే వల కింద ఉంచండి, రెండు వారాల్లో రెండూ విడివిడిగా గుండ్రంగా మానిపోతాయి. ఒకటి మీరుంచుకుని ఇంకోటి కొత్తగా ట్యాంకు పెట్టినవాళ్లకి ఇవ్వండి. ఇంట్లో పుట్టిన ముక్క అలా ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి వెళ్తే సముద్రం నుంచి ఒకటి తక్కువ తీస్తారు. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా గాలి ఉంచి, థర్మకోల్ డబ్బాలో పెట్టండి, మీ ట్యాంకు ఉప్పు ఎంతో, వేడి ఎంతో, అది ఎంత వెలుతురులో ఉండేదో చిన్న కాగితం మీద రాసి సంచికి అంటించండి.